తిన్నని గోడ

న్యాయం దొరకడం కష్టమని లోకంలో ఒక అపోహ ఉంది. దొరకడం ఏమంత కష్టం కాదు. అది దొరికే చోటికి బయల్దేరడానికి సిద్ధం కావడమే కష్టం. సిద్ధం కాకుండా పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు, సిద్ధం కాకుండా పిల్లల్ని కన్నవాళ్లున్నారు, సిద్ధం కాకుండా పోయినవాళ్లకైతే లెక్కే లేదు. సిద్ధం కాకుండా లాయరు ఎదుట కూర్చున్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు. కూర్చోనివ్వరు.

టైలరు లాయరును పెట్టుకుంటున్నాడన్న సంగతి టైలరు కన్నా ముందు వీధికి తెలిసింది. ఎదురింటావిడ ఇస్త్రీ ఆయనతో అన్నదట, ఇస్త్రీ ఆయన కూరగాయలావిడతో అన్నాడట, ఆవిడ టమాటాలు తూస్తూ టైలరు భార్యతో అన్నది. పిండిమర బాబాయి టైలరు కొట్టు గుమ్మానికి అడ్డంగా గోడ లేపుతున్నాడట. టైలరు అగ్గిమీద గుగ్గిలమైపోతున్నాడట. పై కోర్టు దాకా వెళ్లందే కన్ను మూయనని ఒట్టేసుకున్నాడట. లాయరును కూడా మాట్లాడేశాడట.

(అప్పటికి గోడ అంటే ఒకే ఒక్క వరస ఇటుకలు. దాని మీద ఓ పిల్లి పడుకుని నిద్రపోతోంది. కొట్లో బల్ల మీద తల వాల్చి టైలరు కూడా నిద్రపోతున్నాడు.)

భార్య వచ్చి భుజం తట్టి లేపింది.

"ఏమండీ, మీరు లాయరును పెట్టుకున్నారటగా."

"నేనా? ఎవర్నట?"

"అది ఇంకా తేలలేదట."

టైలరు కళ్లు నులుముకుని లేచి, తలుపు తోశాడు. తలుపు సగం దాకా వెళ్లి ఇటుకలకు తగిలి ఆగింది. పిల్లి ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. వీధి అబద్ధం చెప్పలేదు. కాస్త ముందుగా చెప్పింది, అంతే.

ఆ కొట్టు ఒక సందులో ఉంది. సందుకు ఇటు టైలరు కొట్టు, అటు బాబాయి పిండిమర. సందు ఎవరిదన్నది ఇద్దరి తాతలకూ తెలియదు. తెలియకుండానే ఇద్దరూ చక్కగా వాడుకుని పోయారు. కొట్టుకు ఉన్న తలుపు ఒక్కటే, అది సందులోకే, అదీ బయటికే తెరుచుకుంటుంది. లోపలికి తెరుచుకునేలా పెట్టించుకుని ఉంటే బాగుండేది గాని, లోపల మిషన్లు, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ బల్ల, వరసగా వేలాడే నల్లకోట్లు. తలుపు లోపలికి రావాలంటే టైలరు బయటికి పోవాలి.

ఆ నల్లకోట్లే టైలరు బతుకు. ఊళ్లో లాయర్లందరి కోట్లూ అతనే కుడతాడు. కోర్టుకు సెలవులిచ్చినప్పుడు కోట్లన్నీ మరమ్మతుకూ కొత్త కుట్టుకూ ఇతని దగ్గరికి వస్తాయి, కోర్టు తెరిచేనాటికి తిరిగి వెళ్తాయి. ఈసారి వచ్చిన కోట్లు లోపల ఉన్నాయి. అవి బయటికి వెళ్లాల్సిన తలుపుకు ఎదురుగా ఇటుకలున్నాయి. గోడ లేచిందా, కోట్లూ టైలరూ కలిసి లోపలే ఉండిపోతారు.

"బాబాయి దగ్గరికి వెళ్లి తలుపు తెరుచుకోవడం లేదని చెప్పరాదూ," అన్నది భార్య. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

టైలరు చెప్పులు వేసుకున్నాడు. ఒక కాలు గుమ్మం దాటింది కూడా. సరిగ్గా అప్పుడు బావమరిది వచ్చాడు. (ఈ ఒక్క కాలు విషయమై తరవాత చాలామంది చాలా విచారించారు.)

బావమరిదిని ఊరంతా సెక్షను అంటుంది. అతను లా కాలేజీలో చేరి, పుస్తకాలన్నిటికీ అట్టలు వేసి, మొదటి ఏడాది పరీక్ష హాలు గుమ్మం దాకా వెళ్లి, ఇంకా సిద్ధంగా లేనని వెనక్కి తిరిగి వచ్చినవాడు. అప్పటినుంచీ ఇతరులను సిద్ధం చేస్తున్నాడు.

"బావా, ఎక్కడికి?" అన్నాడు సెక్షను.

"బాబాయితో ఓ మాట చెప్పొస్తా."

"చెప్తావు. ఆయన ఏదో అంటాడు. నువ్వేదో అంటావు. రేపు కోర్టులో నువ్వన్నదే నీ మెడకు చుట్టుకుంటుంది. నోరు విప్పావంటే కేసు పోయినట్టే. ఆ కాలు లోపల పెట్టు."

టైలరు కాలు లోపల పెట్టాడు.

"ఇంకా కేసే లేదు కదరా," అన్నది భార్య.

"అందుకే అక్కా, ఉన్న కేసైతే కాపాడుకోవచ్చు. లేని కేసును ఇంకా జాగ్రత్తగా కాపాడుకోవాలి."

ముందు లాయరును ఎంచుకోవాలి. లోకల్ లాయరే మంచిదన్నాడు సెక్షను. బయటి లాయరుకు చట్టం తెలుస్తుంది గాని సందు తెలియదని, లోకల్ లాయరుకు సందు తెలుస్తుంది కాబట్టి చట్టం తెలియకపోయినా సర్దుకోవచ్చని అతని వాదన. ఫోనులో చూస్తే ఊళ్లో ఉన్న లాయర్లందరికీ నాలుగున్నర నక్షత్రాలే ఉన్నాయి. తేడా పట్టడానికి వీల్లేదు.

ఈ ఎంపికలో మాత్రం టైలరుకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. మనుషులు లాయరును పేరుబట్టి ఎంచుకుంటారు, టైలరు కోటుబట్టి ఎంచుకున్నాడు. వేలాడుతున్న కోట్లను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఒక కోటుకు మోచేతుల దగ్గర బట్ట మెరిసిపోయింది, ఈయన బల్లకు ఆనుకుని కునుకు తీస్తాడు. ఇంకో కోటుకు వెనక భాగం నలిగింది, ఈయన పొద్దంతా కూర్చునే ఉంటాడు, లేచి వాదించడు. మరొక దానికి లోపలి జేబు చిరిగింది. ఈయన ఎవరేమడిగినా ఎప్పుడూ ఏదో ఒకటి వెతుకుతున్నాననే చెప్తాడు. చివరికి ఒక కోటు దొరికింది. కుడి చంక దగ్గర కుట్టు పూర్తిగా విడిపోయింది. ఏడాదికోసారి విడిపోతూనే ఉంది.

"చెయ్యెత్తి వాదిస్తాడు," అన్నాడు టైలరు. "ఈయనే మన లాయరు."

(చెయ్యెత్తి రిక్షాలు పిలుస్తాడేమోనన్న అనుమానం భార్యకు వచ్చింది గాని, మగవాళ్లిద్దరూ అంత సంతోషంగా ఉన్నప్పుడు ఆడదానికెందుకని ఊరుకుంది.)

చంక లాయరుగారి ఇంటి వరండాలో ఒక బల్ల, బల్ల వెనక ఒక గుమాస్తా, గుమాస్తా వెనక ఒక బోర్డు. 'ప్రథమ సంప్రదింపు సన్నద్ధులకు మాత్రమే. అసన్నద్ధులు మెట్ల మీద వేచి ఉండరాదు.' మెట్ల కింద నిలబడి కొంతమంది అసన్నద్ధులు కాగితాలు విసురుకుంటున్నారు.

"సిద్ధమై వచ్చారా?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

"సిద్ధమయ్యే వచ్చానండీ."

"మీరు సిద్ధమయ్యారని మీకెవరు చెప్పారు?"

టైలరు సెక్షను వంక చూశాడు. సెక్షను బోర్డు వంక చూశాడు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. సిద్ధం కావడం ఎలాగో ఓపిగ్గా చెప్పాడు. సన్నద్ధతకు ఒక యాప్ ఉంది, దాన్ని ఫోనులో వేసుకోవాలి. అందులో కక్షిదారు తన కష్టాన్ని నింపుతూ పోతే, పక్కన ఒక చిన్న కుండ బొమ్మ నిండుతూ వస్తుంది. కుండ నిండినప్పుడు యాప్ మోగుతుంది. అది మోగితే లోపలికి రావచ్చు.

"ఈలోగా ప్రతిపక్షంతో మాట్లాడకూడదు," అన్నాడు గుమాస్తా. "ఆయన మాట్లాడితే వినకూడదు. పొరపాటున వినపడితే వినపడలేదనుకోవాలి. సాక్ష్యం పోగు చెయ్యాలి. గోడ ఫోటోలు, గోడ కొలతలు, రోజూ."

టైలరు ముఖం వెలిగింది. "కొలతలా? కొలతలైతే నా చేతిలో పని."

"అదే నేనూ చెప్పేది," అన్నాడు సెక్షను, తనేమీ చెప్పకపోయినా.

బయటికి వస్తుంటే గుమాస్తా వెనక నుంచి పిలిచాడు. "అన్నట్టు, సారు కోటు ఎప్పుడిస్తారు?"

"రేపండీ," అన్నాడు టైలరు. ఆ మాట అతని నోట్లోంచి అలవాటుగా వస్తుంది, మిషను చక్రం తిరిగినంత తేలిగ్గా.

"అలాగే. మీరు కూడా రేపు రండి," అన్నాడు గుమాస్తా, అంతే తేలిగ్గా.

యాప్ పని అంత తేలిగ్గా సాగలేదు. మీ కష్టం ఏ రకం, అని అది మొదటే అడిగింది. చిన్నది, పెద్దది, కుటుంబసమేతమైనది. టైలరు ఆలోచించి మూడోది నొక్కాడు. మీకు అడ్డంగా ఉన్నది ఏది, అని అడిగి ఒక జాబితా చూపించింది. అందులో వాహనం ఉంది, పశువు ఉంది, బంధువు ఉన్నాడు, గోడ లేదు. సెక్షను బాగా వెతికి 'ఇతర నిలువు ఆస్తులు' అనేది పట్టుకున్నాడు. అది నొక్కగానే, ఆ నిలువు ఆస్తి ఊపిరి తీసుకుంటున్నదా అని అడిగింది. లేదన్నారు. కుండ అడుగున ఒక చుక్క పడింది.

"నిండుతోంది బావా," అన్నాడు సెక్షను.

అవతల గోడ కూడా నిండుతోంది. మర్నాటికి చీలమండ దాకా వచ్చింది. టైలరు పొద్దున్నే మెళ్లో టేపు వేసుకుని, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, సగం తెరిచిన తలుపులోంచి పక్కకు తిరిగి బయటికొచ్చి కొలతలు తీసేవాడు. అతనికి తెలిసిన కొలతల్లోనే తీసేవాడు. పొడవు, అడుగు పట్టీ, కింది చుట్టుకొలత. సెక్షను ఫోటోలు తీసేవాడు. తాపీ మేస్త్రీ పని ఆపి, ఫోటో పడేదాకా తాపీ చేతిలో పట్టుకుని ముస్తాబుగా నిలబడేవాడు.

పిండిమర బాబాయి అప్పుడప్పుడు మరలోంచి బయటికొచ్చేవాడు. ఆయన కనుబొమ్మలూ మీసాలూ చెవుల మీది వెంట్రుకలూ పిండితో తెల్లగా ఉంటాయి. కడుక్కుంటే ఇంకా తెల్లగా ఉంటాయి.

"ఏరా అబ్బాయ్," అనేవాడు బాబాయి, "ఆమధ్య నువ్వన్నావు చూడూ, నా పిండి నీ కోట్ల మీద పడి లాయర్లందరూ నెరిసిపోతున్నారని. నాకు మనసుకు పట్టుకుందిరా. అందుకే..."

అందాకా వచ్చేసరికి సెక్షను సైగ చేసేవాడు. టైలరు గబగబా లోపలికి దూరి, కాళ్లతో మిషను తొక్కడం మొదలుపెట్టేవాడు. సూదిలో దారం ఉండేది కాదు, సూది కింద బట్ట ఉండేది కాదు. చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది. నిబంధన ప్రకారం అతనికి ఏమీ వినపడలేదు.

బాబాయి తల ఊపి, మేస్త్రీతో అనేవాడు, "మొహమాటస్తుడు. వాళ్ల నాన్నా ఇంతే. ఒక మంచిపని చేస్తే ముఖం చాటేసేవాడు."

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు ఇంకా రాలేదు, మోకాలి దాకానే వచ్చింది.

మోకాలి దగ్గరే చిక్కొచ్చింది. మేస్త్రీ ఆ పూట ఏ ధ్యాసలో ఉన్నాడో, గోడ మధ్యలో బొజ్జ వేసింది. టైలరు టేపు పెట్టి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. లోపలికి వెళ్లి కాజాలు కుట్టబోయాడు, కుట్టలేకపోయాడు. వంకర కుట్టు కనిపిస్తే అతనికి అన్నం సహించదు. పెళ్లిచూపుల్లో కూడా పిల్ల ముఖం కన్నా ముందు జాకెట్టు భుజం కుట్టు చూసి, అది తిన్నగా ఉందనే ఒప్పుకున్నాడని చెప్పుకుంటారు. (జాకెట్టు పిన్నిగారిదని పెళ్లయ్యాక తెలిసింది.)

మళ్లీ బయటికొచ్చాడు. పెదవి కొరుక్కున్నాడు. ఆఖరికి నోరు విప్పాడు.

"వంకర," అన్నాడు.

"బావా," అన్నాడు సెక్షను, గుండె పట్టుకుని.

"నేను ప్రతిపక్షంతో మాట్లాడలేదు. గోడ సంగతి మేస్త్రీతో మాట్లాడాను." మేస్త్రీ వైపు తిరిగి, "ఇదిగో, ఇక్కడినుంచి ఇక్కడిదాకా. పొట్ట వచ్చింది. విప్పి మళ్లీ వెయ్యి," అంటూ సుద్దతో గీత కూడా గీశాడు.

మేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీసి చూశాడు. టైలరు గీత, గుండు దారం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మేస్త్రీ ఆ వరసలన్నీ పీకి మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం మంచినీళ్లకని టైలరు ఇంటి గుమ్మంలోకి వెళ్లినప్పుడు, మేస్త్రీ చెంబందుకుంటూ టైలరు భార్యతో ఏదో మాట చెప్పాడు. ఆవిడ అతని ముఖంలోకి ఓ క్షణం చూసి, చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే సెక్షను వరండాకు పరుగెత్తి, ఇలా నోరు జారడం వల్ల కేసుకేమైనా దెబ్బా అని గుమాస్తాను అడిగాడు. వంకర అనేది సాంకేతిక విషయమని, సాంకేతిక విషయాలు మాటలు కావని గుమాస్తా నిర్ణయించాడు. అప్పటినుంచీ టైలరు రోజూ సాంకేతికంగా మాట్లాడాడు. మేస్త్రీకి ఒళ్లు దగ్గర పెట్టుకోక తప్పింది కాదు. అంత తిన్నని గోడ ఆ చుట్టుపక్కల లేదని, చూడ్డానికి పక్క వీధి మేస్త్రీలు కూడా వచ్చిపోయారని ఎదురింటావిడ అన్నదట.

గోడ నడుము దాకా వచ్చేసరికి తలుపు పని అయిపోయింది. అది సగం తెరుచుకున్నా గోడ దాటడానికి లేదు, చెయ్యి పడుతుంది గాని మనిషి పట్టడు. వీధి వైపు ఉన్న కిటికీ ఊచలు తీసేసి, లోపలొక ముక్కాలిపీట, బయటొక ముక్కాలిపీట వేశారు. టైలరు అందులోంచే వచ్చి పోతున్నాడు. కొలతలకు వచ్చే పెద్దమనుషులు కూడా ఒక కాలు లోపలికేసి, పంచె సర్దుకుని, రెండో కాలు వేసేవాళ్లు. నడుం లావున్నవాళ్లకు కిటికీలోనే కొలత తెలిసిపోయేది.

యాప్‌లో కుండ సగం కూడా నిండలేదు. అడ్డం ఉన్నది సరే, అడ్డం లేనప్పుడు ఆ తలుపు తెరుచుకునేదనడానికి ఆధారం ఏమిటని అది అడుగుతోంది. గుమాస్తాను అడిగితే, దానికి ద్వార గవాక్ష పర్యవేక్షణ కార్యాలయం నుంచి 'పూర్వం తెరుచుకునేది' అనే ధ్రువపత్రం తేవాలన్నాడు.

ఆ కార్యాలయానికి తలుపు ఉంది గాని రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. మూయడానికి ఇంకా అనుమతి రాలేదు. లోపల ఉప ద్వారాధికారి కూర్చుని ఉన్నాడు. ప్రధాన ద్వారాధికారి ఎప్పుడొస్తారని అడిగితే, ఆయన గవాక్షాల వైపు బదిలీ అయ్యారన్నాడు.

టైలరు తన గోడు చెప్పుకున్నాడు. ఉప ద్వారాధికారి సానుభూతితో విన్నాడు.

"మీ తలుపు ఒకసారి పూర్తిగా తెరిచి చూపించండి. పూర్వం తెరుచుకునేదని వెంటనే రాసిస్తాను."

"ఇప్పుడు తెరుచుకోదు కదండీ. అందుకే కదా వచ్చాను."

"తెరుచుకోని తలుపును తెరుచుకునేదని నేనెలా రాస్తాను? నా పెన్ను ఒప్పుకోవాలి కదా."

పెన్ను నిజంగానే ఒప్పుకోలేదు. కానీ మంచివాడు కాబట్టి, వచ్చినవాణ్ని ఒట్టి చేతులతో పంపడం ఇష్టం లేక, స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు. ముక్కాలిపీట ఎక్కి, కిటికీలోంచి లోపలికి దిగి, టీ తాగి, కిటికీలోంచే బయటికి దిగాడు. దిగి, తొడకు ఆన్చుకున్న అట్ట మీద చాలాసేపు రాశాడు.

"నిబంధన ఏమిటంటే," అన్నాడు చదివి వినిపిస్తూ, "మనుషులు ఎందులోంచి రాకపోకలు సాగిస్తారో అదే ద్వారం. కాబట్టి మీ కిటికీని ఈ రోజు నుంచి ప్రధాన ద్వారంగా గుర్తిస్తున్నాం. ఆ తలుపును గవాక్షాల కింద వేశాను. గాలి వస్తుంది కదా, చాలు. ముక్కాలిపీటను మెట్టు కింద రాశాను. మీకు కలిసొస్తుంది."

టైలరుకు ఏం కలిసొచ్చిందో అర్థం కాలేదు గాని, ముద్ర చూసి సెక్షను కళ్లు చెమర్చాయి. అంత గుండ్రటి ముద్ర అతను లా కాలేజీలో కూడా చూడలేదు. ఫోటో తీసి యాప్‌లో పెట్టగానే కుండ గుటగుటా మెడ దాకా నిండింది.

ఇక మిగిలింది రిహార్సలు. ఇంటి ముందుగదిలో సెక్షను కుర్చీ మీద దిండు వేసుకుని లాయరై కూర్చున్నాడు. టైలరు ఎదుట నిలబడ్డాడు. భార్య పిల్లల చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ ఒక మూల కూర్చుంది.

"చెప్పండి, మీ సమస్య ఏమిటి?" అన్నాడు సెక్షను గొంతు లావు చేసుకుని.

"మా తాతగారు ఈ ఊరికి వచ్చినప్పుడు..."

"తాత వద్దు బావా. గోడ దగ్గర మొదలుపెట్టు."

"గోడ... గోడ బాబాయిది. బాబాయి వాళ్ల తాతా మా తాతా..."

"మళ్లీ తాత. తాతను పక్కన పెట్టు. మొదటి సంప్రదింపులో తాత రాకూడదు. ఏడవకూడదు, కానీ ఏడవబోతున్నట్టు ఉండాలి. కొంచెం గొంతు పట్టుకున్నట్టు."

టైలరు గొంతు పట్టుకున్నట్టు ప్రయత్నించాడు. దగ్గొచ్చింది.

"ఏమండీ," అన్నది భార్య దారం కొరికి, "ఈ రిహార్సలేదో బాబాయి ఎదుటే చేసి రాకూడదూ? ఆయన ఎలాగూ మర దగ్గర ఖాళీగానే కూర్చున్నాడు."

సెక్షను అక్క వంక జాలిగా చూశాడు. చదువుకున్నవాడు చదువుకోనిదాన్ని క్షమించాడు.

"అక్కా, ఇది న్యాయానికి సంబంధించిన విషయం," అన్నాడు సెక్షను.

"అవునవును. ఇంట్లో దొంగలు పడితే మనం తాళాలు తోముకుంటున్నాం," అని ఆవిడ మళ్లీ సూదిలో దారం ఎక్కించింది.

ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టని సామెత. టైలరు సాము అంతకన్నా శ్రద్ధగా చేశాడు. పొద్దున మిషను తొక్కుతూ చేశాడు, సాయంత్రం కిటికీ దిగుతూ చేశాడు. తాతను ఎక్కడ వదిలెయ్యాలో, గొంతు ఎక్కడ పట్టుకోవాలో, బాబాయిని ఎప్పుడు బాబాయి అనాలో ఎప్పుడు ప్రతిపక్షం అనాలో అన్నీ ఒంటబట్టాయి. యాప్ అడిగిన చివరి ప్రశ్న, మీరు ఎదుటివారికి మీ అభ్యంతరం తెలియజేశారా అన్నది. అవును అనాలో కాదు అనాలో తెలియక, సెక్షను 'వర్తించదు' నొక్కాడు. కుండ పొంగింది. యాప్ మోగింది. సరిగ్గా అదే పూట, సందులో మేస్త్రీ గోడ నెత్తిన చివరి ఇటుక పెట్టి, చేతులు కడుక్కున్నాడు. బాబాయి వచ్చి గోడ నిమిరి చూసి, తృప్తిగా మరలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కోట్ల మీద చిటికెడు పిండి పడలేదు. తలుపులోంచి కొట్లోకి చారెడు వెలుతురూ పడలేదు.

మర్నాడు టైలరు, భార్య, సెక్షను ముగ్గురూ వరండా ఎక్కారు. లాయరు కోటు కాగితంలో చుట్టి భార్య చేతుల్లో ఉంది. సిద్ధమై రమ్మన్నప్పుడు కోటు కూడా సిద్ధం చేసుకుని వెళ్లడం మర్యాద అని టైలరుకు తోచింది. గుమాస్తా కుండ చూశాడు, ముద్ర చూశాడు, కుర్చీలోంచి సగం లేచి నమస్కారం పెట్టాడు.

"ఇంత సన్నద్ధుణ్ని నేను చూడలేదు," అన్నాడు. "లోపలికి వెళ్లండి."

మెట్ల కింద ఉన్న అసన్నద్ధులు కాగితాలు విసురుకోవడం ఆపి చూశారు.

లోపల చంక లాయరుగారు బనీను మీద తెల్లచొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. టైలరు నమస్కరించి, ఊపిరి పీల్చుకుని, గొంతు పట్టుకోవాల్సినంత పట్టుకుని నోరు తెరిచాడు.

"కోటు తెచ్చావా?" అన్నాడు లాయరు. "రేపు కోర్టు తెరుస్తున్నారు. ముందు అది చూడు. చూస్తూ చెబుదువుగాని."

వృత్తి వృత్తే. కోటు లాయరు భుజాల మీదికి ఎక్కగానే టైలరు చెయ్యి దానంతట అది జేబులోకి వెళ్లింది, జేబులోంచి గుండుసూదులు వచ్చాయి, గుండుసూదులు వరసగా పెదాల మధ్యకు చేరాయి. లాయరు రెండు చేతులూ చాపి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. టైలరు చంక కింద దూరాడు.

"ఊఁ, చెప్పు," అన్నాడు లాయరు.

టైలరు చెప్పాడు. నోట్లోంచి సూదుల మధ్యగా ఉఁ, ఉఁహూఁ, మ్ అన్న చప్పుళ్లు వచ్చాయి. అందులో తాత లేడు, రిహార్సలు వృథా కాలేదు. గొంతు కూడా ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది. తక్కినది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

సెక్షను ముందుకొచ్చి కాగితాలు లాయరు కళ్ల ముందు పట్టుకున్నాడు. లాయరు చేతులు దించకుండానే ఒక్కొక్కటీ చదివాడు. చీలమండ ఫోటో, మోకాలి ఫోటో, నడుము ఫోటో. అన్నిట్లోనూ ఒక పక్క ఫోజిచ్చిన మేస్త్రీ, ఇంకో పక్క టేపు పట్టుకుని గోడను చూస్తున్న టైలరు.

"ఇతనెవరు, పని చేయించినాయనా?" అన్నాడు లాయరు.

"కాదండీ, మా బావే. సాక్ష్యం పోగు చేస్తున్నాడు," అన్నాడు సెక్షను.

ముద్ర ఉన్న కాగితాన్ని లాయరు చదివాడు. రెండోసారి చదివాడు.

"మీ ప్రధాన ద్వారానికి ఏ అడ్డమూ లేదని ఇందులో ఉంది."

"అవునండీ. గుండ్రటి ముద్ర," అన్నాడు సెక్షను.

లాయరు కోటులోనే నిట్టూర్చాడు. చంక కింద ఒక కుట్టు చిన్నగా చిట్లింది, టైలరు దాన్ని వెంటనే సూదితో పట్టాడు.

"చూడవయ్యా, ఇంకొక్క దారి ఉంది," అన్నాడు లాయరు. "గోడ కడుతున్నప్పుడే నువ్వు అభ్యంతరం చెప్పి ఉండాలి. చెప్పినట్టుంటే చాలు, నేను చూసుకుంటాను. చెప్పావా?"

"ఉఁ," అన్నాడు టైలరు. అవునో కాదో తెలియలేదు.

"మాట్లాడకూడదన్నారండీ," అన్నాడు సెక్షను.

"ఎవరు?"

సెక్షను గుమ్మంలో నిలబడ్డ గుమాస్తాను చూశాడు. గుమాస్తా సెక్షను చేతిలో ఉన్న ఫోనును చూశాడు. ఫోనులో కుండ పొంగుతూనే ఉంది.

లాయరు చాపిన చేతులు చాపినట్టే ఉంచి, ఇక లాభం లేదని టైలరు భార్య వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. ఆ గోడ పునాది నుంచి పైదాకా లేస్తుంటే, మీ ఆయన రోజూ పక్కనే నిలబడి చూశాడు. ఒక్కటంటే ఒక్క ముక్క కూడా అనలేదా?"

"ఎందుకనలేదండీ," అన్నది ఆవిడ. "వంకరగా ఉంది, విప్పి తిన్నగా కట్టమన్నారు. ఆ మాట అనకపోయుంటే మొదటి వానకే కూలిపోయేదని మేస్త్రీ చెప్పాడు."